రత్నం సార్ చలివేంద్రం

ఈ వేసవికి మా ఆఫీసులోకి కొత్త కుండ వచ్చింది. నిన్నంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే కడిగి నింపి, తడి ఇసుక మీద కూర్చోబెట్టాము. మధ్యాహ్నానికల్లా గది నిండా మెత్తటి తడిమట్టి వాసన పరుచుకుంది. కళ్ళు వాటంతటవే మూతలు పడే వాసన అది. మూలన నీళ్ళు చల్లబరిచే మిషన్ ఒకటి ఉండనే ఉంది గానీ ఈ రోజు దాని మొహం చూసేవాళ్ళు లేరు. అందరూ గ్లాసులు పట్టుకుని కుండ దగ్గరికే చేరుతున్నారు. నేను మాత్రం ఇంకా గుక్కెడు కూడా తాగలేదు. కడప ఎండలో దాహం వేయనిదెవరికి? నాకూ నాలుక పిడచగట్టుకుపోతోంది. అయినా ఎందుకు తాగలేదో చెప్పాలంటే రత్నం సార్ గురించి చెప్పాలి.

ముందు మా పని ఏమిటో చెబుతాను. ఈ దేశంలో ఎప్పుడెప్పుడో, ఎవరెవరో టెలిస్కోపులతో తీసిన ఆకాశపు ఫొటోలన్నిటినీ కంప్యూటర్లలోకి ఎక్కించి, ఏ మూలనున్న విద్యార్థి అయినా ఊరికే తీసుకుని చూసుకునేలా ఒకచోట పెడతాము. దాన్నే ఆర్కైవ్ అంటాము. ఇప్పటి ఫొటోలు నేరుగా కంప్యూటర్లోకే వస్తాయి. పాతకాలంలో గాజు పలకకు ఒకవైపు మందు పూసి, దాని మీదికి ఆకాశాన్ని దింపేవారు. ఆ పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా కనిపిస్తాయి. నా కలల్లోకి ఇప్పటికీ వచ్చే ఆకాశం అదే. మీగడ మీద ఆవాలు చల్లినట్టు ఉంటుంది. కొండమీది అబ్జర్వేటరీలో చెమ్మకు ఆ పలకలు బూజు పడుతున్నాయని, చెమ్మ అన్నమాటే ఎరగని ఊరు వెతికి కడపకు తెచ్చారు. మా ఎండను ఎవరైనా మెచ్చుకోవడం నాకు తెలిసి అదొక్కసారే.

ఆ పని చేసే మా కేంద్రానికి పెద్ద రత్నం సార్. కోయిలకుంట్లలో కిరాణా అంగడి నడిపే శెట్ల ఇంట పుట్టిన మనిషి. పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో ఎప్పుడూ ఇంత దూది పెట్టుకుని తిరిగేవారు. నేను ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు నా ఎమ్మెస్సీ మార్కుల మాటే ఎత్తలేదు. ఏ ఊరని అడిగారు. మంగంపేట అని, మా నాన్న ముగ్గురాయి గనిలో పని చేస్తాడని చెప్పాను. అయితే దుమ్మంటే నీకు బాగా తెలిసుండాలే అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. దుమ్ము తినే పెరిగాను, చదువు గురించి కూడా అడగండి సార్ అన్నాను. ఆయన పకపకా నవ్వి, ఒక గాజు పలక చేతికిచ్చి, ఇందులో ఏది నక్షత్రమో ఏది దుమ్ము రేణువో చెప్పమన్నారు. రెండూ నల్లచుక్కలే. చెప్పలేకపోయాను. ఒట్టి కంటితో తనకూ తెలియదని ఆయన ఒప్పుకుని, ఉద్యోగం ఇచ్చారు. ఎస్తేరమ్మా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టారు.

ఎండాకాలం వస్తే సార్ శనివారం సాయంత్రాలు కోయిలకుంట్ల బస్సు ఎక్కేవారు. వాళ్ళ నాన్న కాలం నుంచి అక్కడ బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తాటాకు పందిరి, ఇసుక మీద కుండలు, నీళ్ళు ముంచి పోయడానికి పొడుగు కాడ గరిటె. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. బస్సు దిగినవాళ్ళు, అహోబిలం పోయే భక్తులు, పొలం కూలీలు, అందరూ వచ్చి దోసిళ్ళు పట్టారు. ఎవరినీ ఏ ఊరని గాని, ఎవరి పిల్లలని గాని సార్ అడగలేదు. మిట్టమధ్యాహ్నం నేను దాహానికి ఆగలేక చెంబు ముంచబోతే నా చెయ్యి పట్టుకున్నారు. పందిరి వేసినవాళ్ళు పొద్దుగూకి ఆఖరి మనిషి తాగి వెళ్ళేదాకా ఆ నీళ్ళు ముట్టకూడదట. వాళ్ళ నాన్న పెట్టిన నియమం. నన్ను పక్క అంగట్లో సోడా తాగి రమ్మన్నారు.

"ముందు మనం తాగితే ఇవి మన నీళ్ళు అయిపోతాయి తల్లీ. అందరూ తాగినాంక, కడాకు తాగల్ల" అన్నారు. నాకు లోపల నవ్వొచ్చింది. నీళ్ళ పందిరి పెట్టి సోడా తాగే మనుషులను నేను ఎక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం ఖాళీ కుండలు బోర్లిస్తూ ఆయన తన నక్షత్రం కథ చెప్పారు. కుర్రతనంలో ఆయన ఉద్యోగం కొండమీది అబ్జర్వేటరీలో పలకలు తీయడం. ఒక వేసవిలో, వరసగా తీసిన కొన్ని పలకల్లో ఒక నక్షత్రం మసకబారినట్టు కనిపించింది. ఎప్పుడూ ఒకేలా వెలిగే నక్షత్రం అది. గాజు వెనక సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, పై అధికారికి చూపించారు. ఆ పెద్దమనిషి సరిగా చూడనైనా చూడకుండా, నువ్వు పలక సరిగా కడగక పడిన మరక ఇది, పో అన్నాడు. పలకలన్నీ తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. తాను చూడడు, ఇంకొకరిని చూడనివ్వడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అలాగన్నమాట. ఆ పెద్దమనిషి పోయాక తాళం ఇంకొకరి చేతికి, ఆ తర్వాత మరొకరి చేతికి మారింది. సార్‌కు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తల నెరిసి బట్టతల కూడా అయింది. మరకా, నక్షత్రమా అన్న ప్రశ్న మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"వాళ్ళు నవ్వినందుకు కాదమ్మా బాధ. నాకే నా కండ్ల మింద నమ్మకం పాయె" అన్నారు.

ఇంత చెప్పాక మీరే ఆలోచించండి. ఇప్పుడా పలకలన్నీ ఆయన గదికి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. తాళం ఆయన దగ్గరే. లేచి వెళ్ళి చూసుకోవడమే తరువాయి. ఆయన చూడలేదు. పైగా మా అందరికీ ఒక నియమం పెట్టారు. శుభ్రం చేయడం, స్కాన్ చేయడం వరకే మా పని. ఏ నక్షత్రం వెలుగు ఎంతో కొలుచుకోవడం, అందులో కొత్త సంగతులు వెతుక్కోవడం ఆర్కైవ్ తలుపు అందరికీ తెరిచాకే, అదీ ఆఖరున. మాకు ఒళ్ళు మండేది. పాలు కాచి, తోడు పెట్టి, పెరుగు ఊరివాళ్ళకు పోసి మనం మజ్జిగ తాగాలా అని వెనక గొణుక్కునేవాళ్ళం. ఒకసారి నేనే తెగించి అడిగాను, మీ నక్షత్రం ఒక్కటి చూసుకుంటే ఎవరి సొమ్ము పోయింది సార్ అని. ఆయన కిటికీలోంచి పాలకొండల వైపు చూశారు. ఆ వేళప్పుడు కొండలు ఎండకు కరిగి నీలంగా తేలుతుంటాయి.

"ముందు నేను చూస్తే, ఆ బీరువా పెద్దమనిసికీ నాకూ తేడా యాడుండాది?" అన్నారు.

పలకల వెనక పాతవాళ్ళు గీసిన సిరా గుర్తులు స్కానింగుకు అడ్డమొస్తాయి. అందుకని ముందు ఆ గుర్తులను ఫొటో తీసి దాచి, తర్వాత స్పిరిట్ దూదితో తుడిచేస్తాము. ఒక మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చిన పలక వెనక చిన్న సున్నా, పక్కన ప్రశ్న గుర్తు కనిపించాయి. సార్ చెప్పిన గుర్తులే. ఫొటో తీశాను గానీ తుడవడానికి చెయ్యి రాలేదు. పలకను తీసుకుపోయి సార్ ముందు పెట్టాను. ఆయన గాజుకు వేలు తగలనివ్వకుండా, గాలిలోనే ఆ సున్నా చుట్టూ ఒకసారి వేలు తిప్పారు. ఆ క్షణాన ఆయన ముఖంలో పాతికేళ్ళ కుర్రవాడు కనిపించాడంటే నమ్మండి. జేబులోంచి దూది తీసి, తడిపి, మళ్ళీ నా చేతికే ఇచ్చి నన్నే తుడవమన్నారు. తుడిచాను. ఊదారంగు సిరా దూదికి అంటుకుంది. ఆ దూదిని ఆయన పారేయనివ్వలేదు, జేబులో పెట్టుకున్నారు.

తుడిచాక దుమ్ము మిగిలిందేమోనని పలకనంతా భూతద్దంతో చూడటం నా పని. చూస్తూ చూస్తూ ఆ చోటికి వచ్చాను. మరకకు అంచు చెదిరి ఉంటుంది. ఈ చుక్క అంచు గుండ్రంగా, చుట్టూ ఉన్న చుక్కలంత శుభ్రంగా ఉంది. తర్వాతి రోజుల్లో ఆ వేసవి పలకలే ఒక్కొక్కటీ వచ్చాయి. మిగతా ఏళ్ళ పలకల్లో నిండుగా ఉండే ఆ నక్షత్రం వీటన్నిటిలోనూ అదే చోట, పక్కవాటి కంటే చిక్కిపోయి ఉంది. ఆయన పుట్టకముందు ఎవరో తీసిన ఇంకో పలకలో కూడా అంతే చిక్కిపోయి కనబడింది. ఇక నాకు కాళ్ళు నిలవలేదు. సార్ గదిలోకి పరుగెత్తి, సార్, ఆ పలక అన్నానో లేదో ఆయన రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నారు.

"చెప్పాకు ఎస్తేరమ్మా. నీకు దండం పెడతా, చెప్పాకు."

నా వైపు చూడబోయి, గబుక్కున తల తిప్పుకున్నారు. దుమ్ము గదిలో మేము ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుంటాము. ఆ రోజు పరుగులో నేను దాన్ని తీయలేదు. "నా ముందర ఆ మాస్కు తీయాకు తల్లీ. నీ మొగంలో అన్నీ కనపడతాయి" అన్నారు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ మంగంపేటంతా చాటిన మాట. అలాంటి నేను నెలల తరబడి కడుపులో అంత సంతోషం పెట్టుకుని, సార్ ఎదురైతే చాలు మాస్కు పైకి లాక్కుంటూ తిరిగాను. టీ తాగాలంటే వెనక వరండాలోకి పోయేదాన్ని. నాకేదో జబ్బు చేసిందని తోటివాళ్ళు మా ఇంటికి కబురు కూడా చేశారు. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే అన్నీ నీళ్ళ అడుగున జరిగినట్టుంటాయి. తెరలు దించిన గది, స్కానర్ సన్నటి హోరు, దాని కింద మెల్లగా కదిలే తెల్లటి ఆకాశం. అద్దాల తలుపు అవతల సార్, ఇవతల నేను, మధ్యలో ఆయన నక్షత్రం. ఒకరినొకరు చూసుకోకుండా దొంగల్లా తప్పుకు తిరిగేవాళ్ళం.

ఆర్కైవ్ తలుపు ఈ నెల తెరుస్తారు, వచ్చే నెల తెరుస్తారు అంటూనే పై కమిటీల్లో వాయిదా పడుతూ వచ్చింది. అంతలో సార్ రిటైరై కోయిలకుంట్ల వెళ్ళిపోయారు. ఆ వెంటనే గుండె జబ్బు పట్టుకుంది. మరుసటి వేసవిలో చూడబోయాను, బస్సులోనే మాస్కు కట్టుకుని. అందరూ నన్ను వింతగా చూశారు. చలివేంద్రం ఎప్పటిలాగే ఉంది. సార్ కొడుకు నీళ్ళు పోస్తున్నాడు. పందిరి కింద నులకమంచం మీద సార్ ఎండుపుల్లలా పడుకుని ఉన్నారు. రోడ్డు మీద ఎండ చెరువులా మెరుస్తోంది, అందులోంచి బస్సులు తేలుకుంటూ వస్తున్నాయి. తలుపు తీశారా అని అడిగారు. వానాకాలంలో తీస్తామంటున్నారు సార్ అన్నాను. వానాకాలం దాకా తాను ఉండనని, రేపు అంగడికి సెలవు అన్నంత మామూలుగా చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. సార్ నా వైపు తిరిగారు.

"గొంతు ఎండుకపోతాండాది తల్లీ. ఒక్క గుక్క ముందే తాగుతా. మాస్కు తీ."

తల వెనక ముడి విప్పాను. మాస్కు తీశాను. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు. ఆయన మాత్రం కదలకుండా, కళ్ళు ఆర్పకుండా నా ముఖం చూశారు. మరక కాదన్నమాట, అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. తర్వాత కొడుకును పిలిచి కుండలో నీళ్ళు తెమ్మన్నారు. ఇంకా పొద్దు నడినెత్తిన ఉంది. ఆ కొడుకు బిత్తరపోయి నా వైపు చూశాడు. సార్ లేచి కూర్చుని, చెంబెడు నీళ్ళూ గటగటా తాగారు. చెంబు నా చేతికిస్తూ మెల్లగా ఒక మాట అన్నారు.

"నేను తప్పినా. నువ్వు తప్పాకు."

వానలు పడకముందే ఆయన పోయారు. వానాకాలం చివరలో తలుపు తెరిచాము. గౌహతిలో చదువుకునే ఒక అమ్మాయి మా పలకలన్నీ తీసుకుని, ఆ నక్షత్రం ముందుకు నలభై ఏళ్ళకోసారి పెద్ద చీకటి ముద్ద ఏదో అడ్డం వచ్చి నెలల తరబడి నిలుస్తోందని తేల్చింది. పలకలు ఇచ్చిన ఆర్కైవ్‌కు ధన్యవాదాలు అని చివర ఒక్క వాక్యం రాసింది. సార్ పేరు లేదు. నాకు కడుపు రగిలిపోయింది. ఆ అమ్మాయికి కడిగేస్తూ రాద్దామని కూర్చున్నాను కూడా. చలివేంద్రంలో దోసిలి పట్టినవాళ్ళు ఒక్కరైనా పందిరి ఎవరు వేశారని అడగడం నేను చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. రాయకుండా లేచాను. అయినా మంట ఈ రోజుకీ పూర్తిగా ఆరలేదు, ఉన్నమాట చెప్పాలి కదా.

ఆ నక్షత్రం ఈ వేసవిలో మళ్ళీ మసకబారాలని ఆ అమ్మాయే లెక్క కట్టి రాసింది. దానిమీదికి తిప్పిన టెలిస్కోపు తీసిన ఫొటోలు ఈ ఉదయం మా దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు సార్ కుర్చీలో ఉన్నది నేనే కాబట్టి, అందరికంటే ముందు నేనే చూసుకోవచ్చు. చూడకుండా తలుపు తెరిచాను. పొద్దుటి నుంచీ దేశం నలుమూలల నుంచి తీసుకుంటూనే ఉన్నారు. చూసినవాళ్ళు పంపిన కబుర్లు చదివి పక్క గదిలో మా వాళ్ళు కేకలు వేస్తుంటే తలుపు వేయించి, మాస్కులు కట్టుకోకుండా నా గదిలోకి ఎవరూ రావద్దన్నాను. మేడంకు చాదస్తం అని నవ్వుకున్నారు.

ఇక్కడిదాకా రాసేసరికి పొద్దుగూకింది. అందరూ ఇళ్ళకు వెళ్ళారు. కుండ అడుగున గ్లాసెడు నీళ్ళు మిగిలాయి, వంచుకుని తాగాను. తర్వాత ఆ ఫొటో తెరిచాను. పక్క నక్షత్రాల మధ్య ఆ ఒక్కటి గుండ్రంగా, శుభ్రంగా, చిక్కిపోయి ఉంది. లేచి కోయిలకుంట్ల వైపున్న కిటికీ తెరిచి, మాస్కు తీసేసి, కాసేపు ముఖం అటు పెట్టి నిలబడ్డాను.