రెంగసామి మామ ఇంటి తీగ

పక్క తోటలో ఎవరో మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరగగానే నాలుక చివర చేదు తగిలింది. పోయినవాళ్లను కొందరు మల్లెపూల వాసనతో తలుచుకుంటారు. నాకు రెంగసామి మామ పురుగుమందు వాసనలో గుర్తొస్తాడు. వింటే తిట్టేవాడు. కానీ నేనేం చెయ్యను, చిన్నమనూరులో నేను పనిచేసిన పురుగుమందుల కొట్టుకు ఆయనంత నమ్మకంగా వచ్చినవాళ్లు లేరు.

మామ మా పక్కింటాయన. ఎకరన్నర పన్నీరు ద్రాక్ష పందిరి ఉండేది. తీగకు తెల్లబూజు పట్టినప్పుడల్లా ఒక ఆకు తెంపి తెచ్చి, కొట్టు బల్ల మీద బోర్లా పెట్టి, "చూడప్పా, దీని పని ఏమైపోతాండాదో" అనేవాడు. "మీ మొహం కన్నా తేటగానే ఉండాది మామా" అనేవాణ్ణి. నవ్వేవాడు కాదు. మందు తీసుకుని పోయేవాడు. మా లోయలో ద్రాక్ష పండించే ప్రతి ఇంటికీ ఒక అలవాటు ఉంది. బావి పక్కన ఒక తీగను వేరుగా పెంచుతారు, దానికి మందు కొట్టరు. అదే ఇంటి తీగ. పిల్లలకూ చుట్టాలకూ దాని పండు, మార్కెట్టుకు తోట పండు. అందులో ఎవరికీ తప్పు కనబడేది కాదు. బావి కాడ పండు తిని, మూతి తుడుచుకుని, తోటకు మందు అమ్మే నాకు అసలే కనబడలేదు.

మామ కూతురు కల్యాణి వదినను పోదనూరులో ఇచ్చారు. ఆమెకు ఏడో నెలలో చూడ్డానికి ఇద్దరం వెళ్లాం. ఇంటి తీగ అప్పటికి పండలేదు, ఉత్త చేతులతో వచ్చామని మామ గుమ్మంలోనే నొచ్చుకున్నాడు. వదిన నవ్వి లోపలినుంచి గిన్నె నిండా ద్రాక్ష తెచ్చింది. "ఏంటికి నాయనా బాధ? మన ఊరి పండే, ఇక్కడ అంగడిలో కొన్నాను. దినమూ ఇదే తింటాండాను."

మామ గిన్నె వైపు చూశాడు. "కడిగినావా?"

"కడిగినాను."

"ఇంకోసారి కడుగు."

కడిగి తెచ్చింది. మళ్లీ కడగమన్నాడు. "సోపు పెట్టమంటారా నాయనా?" అంది వదిన. మామ గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క పండే తినడం మొదలుపెట్టాడు. వదినకు ఒక్కటీ ఇవ్వలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. "మామకు ఆకలి, వదినా" అని నేను నవ్వించబోయాను. ఎవరూ నవ్వలేదు. తిరుగు బస్సులో సగం దారి దాటాక ఒక్కమాటే అన్నాడు: "ఇంకమీద తోటంతా ఇంటి తీగే."

చెప్పినంత తేలిక కాలేదు. పేడ, బెల్లం కలిపి పులియబెట్టాడు, పుల్ల మజ్జిగ తీగలకు చల్లాడు. "మజ్జిగ పోస్తాండావు సరే, నంజుకోను ఊరగాయ వద్దా?" అని దారిన పోయేవాళ్లు అరిచేవాళ్లు. ఊరగాయ మాట నాదే, వాళ్లు అరువు తీసుకున్నారు. గుత్తులు రంగు తిరిగే వేళకు మూడు రోజులు వదలని ముసురు పట్టింది. ఆకుల కింద తెల్లబూజు దిగింది. ఇంకో రెండు రోజులు ఆగితే పంట మొత్తం పోతుంది. నేను కొట్టునుంచి మందు తెచ్చి, ట్యాంకులో కలిపి, వీపుకు తగిలించుకుని పందిరి ముందు నిలబడ్డాను.

"ఒక్కసారి మామా. ఎవరికీ తెలియదు."

మామ నన్ను ఆపలేదు. గట్టు మీద కూర్చుని, "కొట్రా అప్పా" అన్నాడు. "ముందు ఆ బావి కాడ తీగకు కొట్టు. తరువాత తోటకు రా."

వెళ్లాను. ఆ తీగ మీద కూడా బూజు ఉంది. గొట్టం ఎత్తాను. ఎన్ని తోటలకు కొట్టి చూపించిన చెయ్యి ఇది! పిడి కిందికి దిగలేదు. పదహారు లీటర్లు వీపున మోస్తూ అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మామ వెనకనుంచి వచ్చి, నా భుజాల మీదినుంచి పట్టీలు తీసి, ట్యాంకు దించాడు. తిట్టలేదు, పొగడలేదు. "నడుం పట్టేస్తుంది" అన్నాడు.

ఆ ఏడు మూడొంతుల పంట కుళ్లింది. నేను సినిమాలో లాగా మరునాడే ఉద్యోగం విసిరికొట్టలేదు, ఇంకో ఎనిమిది నెలలు అదే మందు అమ్మాను. మామ మాత్రం వెనక్కి తగ్గలేదు. రెండో ఏడు కొంచెం నిలబడింది, మూడో ఏడు ఇంకొంచెం. నిరుడు, పెద్ద మాటలేవీ చెప్పకుండా, మధ్యాహ్నం నిద్రలో పోయాడు. తోట చూసుకోమని వదిన నన్నే అడిగింది.

చూసుకుంటున్నాను. ముసురు పడితే ఇప్పటికీ పాత కొట్టువైపు చూపు పోతుంది. గొప్ప మనిషిని కాలేదు. సెలవులకు వదిన కూతురు వస్తుంది, ఆరేళ్లది. చేతికందిన గుత్తినల్లా తెంపి, కడగకుండానే నోట్లో వేసుకుంటుంది. పుల్లగా ఉంటే నన్నే తిడుతుంది. ఏ తీగ దగ్గర ఆగినా "అది వద్దమ్మా" అని నేను ఇంతవరకూ అనాల్సి రాలేదు.