వైరు మీది పాలపిట్ట

దసరా వెళ్లిన వారం అది. స్టేషన్ ఘన్‌పూర్ దాటిన ప్యాసింజర్ రైల్లో కూర్చుని, నేను తీసిన పాలపిట్ట ఫోటోను ట్యాబ్‌లో జపాను సిరా చిత్రంలా మారుస్తున్నాను. పిట్ట కింది కరెంటు వైరు చెరిపేసి, ఆ చోట పూలకొమ్మ గీశాను.

ఒడిలో టిఫిన్ డబ్బాతో పక్కన కూర్చున్న పెద్దామె అడిగింది. "వైరెందుకు తీసేసినవ్ బిడ్డా?"

"కొమ్మయితే మంచిగుంటదని, అమ్మా."

"దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని, మా ఆయన ఏటా వర్ధన్నపేట రోడ్డు మీద బండి ఆపి, వైరు మీదున్న పిట్టనే చూపిచ్చేటోడు. ఈసారి దవాఖానల పడ్డడు. ఇద్దరం చూడలే."

నేను కొమ్మ తీసేసి వైరును మళ్లీ తెచ్చాను. ఆమె చెప్పులు విడిచి తెరకు దండం పెట్టుకుంది. తర్వాత తన ఫోనుతో దాన్ని ఫోటో తీసుకుంది.

"జర మసకగ వచ్చింది. అయినా ఆయన గుర్తుపడ్తడు," అంటూ డబ్బా పట్టుకుని వరంగల్‌లో దిగిపోయింది.

ఆ చిత్రం ఇప్పుడు మా గోడ మీద ఉంది. వచ్చినవాళ్లు పిట్ట కింది సన్నని సిరా గీత ఎంత బాగా కుదిరిందో అంటారు. నాకు మాత్రం, ప్రతి దసరాకూ, ఆయన గుర్తుపట్టాడా అని ఆమెను అడగాలనిపిస్తుంది.