వేడినీళ్లలో సెన్సార్

నర్సింహులపేట దాటాక రోడ్డు పక్కనే ఉండే తండాలో కారున్నవాడు ప్రేమ్‌సింగ్ ఒక్కడే. ముగ్గురు యజమానులు వాడి వదిలేసిన డీజిల్ బండి అది. పదకొండేళ్లు హైదరాబాద్‌లో డ్రైవరీ చేసి, నడుము పట్టేసి ఇంటిముఖం పట్టినప్పుడు దాన్ని వెంట తెచ్చుకున్నాడు. పెళ్లికైనా, పురుటికైనా, మిర్చి బస్తాలకైనా తండాకు అదే దిక్కు. మెకానిక్ దగ్గరికి పోవడమంటే అతనికి నామోషీ. ఒక మీటరు, నాలుగు పానాలు, ఫోన్లో రెండు వీడియోలు ఉంటే ఏ బండి రోగమైనా ఇంటిముందే కుదురుస్తానని ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మరిపెడ నుంచి వస్తుంటే బండి నడిరోడ్డు మీద చప్పున ఆగిపోయింది. అరగంట నిలబెట్టాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది. ఇంటికొచ్చి వీడియోలు చూస్తే అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి పోయింది. వేలెడంత ముక్క. ఇంజిన్ తిరుగుతున్న సంగతి బండి కంప్యూటర్‌కు చేరవేసేది అదే. అది పని చేయకపోతే డీజిల్ ఆగుతుంది, డీజిల్‌తో బండీ ఆగుతుంది. మర్నాడు తెల్లారగట్ల, చల్లపొద్దున, దాన్ని ఊడదీసి మీటరు పెట్టి ఓమ్‌లు చూశాడు. ఎనిమిది వందల డెబ్బై. సరిగ్గా ఉండాల్సిన అంకె.

"ఏమైందిరా బండికి?" పక్కింటి వాకిట్లో పళ్లు తోముకుంటూ అడిగాడు అన్న చత్రు.

"ఏం కాలె. ఊకెనే చూస్తున్న. మస్తుగున్నది," అన్నాడు ప్రేమ్‌సింగ్. దారిలో ఆగిన మాట దాచేశాడు. చెబితే తన పనితనం నవ్వులపాలవుతుందని భయం, అంతే.

వారం తిరగకముందే, అన్నం తిని లేచిన చత్రు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఇంకో కేసు మీద దూరం పోయిందన్నారు. ప్రేమ్‌సింగ్ అన్నను వెనక సీట్లో పడుకోబెట్టి, మానుకోట పెద్ద దవాఖానకని బండి కదిలించాడు. కార్డు కోసం లోపలికి పోయిన చత్రు భార్య కళావతి అప్పుడే బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఆగుండ్రి! నేనొస్తున్న! ఆధార్ కార్డు తెచ్చిన!" అని కేకేసింది.

బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మంచంలో కూర్చున్న సోమ్లి, ఆ అన్నదమ్ముల తల్లి, ఆ కేక వినగానే నెత్తి కొట్టుకుంది. బండి ఆగి, కళావతిని ఎక్కించుకుని మళ్లీ కదిలింది.

పన్నెండు కిలోమీటర్లు పోయాక, ఎండ తప్ప ఏమీ లేని చోట ఇంజిన్ చచ్చిపోయింది. ప్రేమ్‌సింగ్ తాళం తిప్పాడు, బానెట్ ఎత్తాడు, తాగే నీళ్లు పోశాడు, మళ్లీ తిప్పాడు. ఇరవై నిమిషాలకు బండి దానంతటదే లేచింది. అప్పటికే చత్రు తల కళావతి ఒళ్లో పక్కకు వాలిపోయి ఉంది.

శవం తండాకు చేరేసరికి కారణం సిద్ధంగా కూర్చుంది. "ఎనుకకెల్లి పిలిచి నా కొడుకును మింగింది," అని సోమ్లి నేల గుద్దుకుంటూ ఏడ్చింది. విన్నవాళ్లంతా తలూపారు. కళావతి కూడా నమ్మింది. అన్నిటికన్నా ఘోరం అదే.

ఐదో రోజున ప్రేమ్‌సింగ్‌కు ఒక ఆలోచన తట్టింది. బండి రెండుసార్లూ వేడి మీదే ఆగింది కదా. సెన్సార్ ఊడదీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తీగలు పైకి ఉంచి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో ముంచాడు. అంకె పెరిగింది, ఇంకా పెరిగింది, ఉన్నట్టుండి మాయమైంది. మీటర్లో ఎడమ పక్కన ఒకటి మాత్రం నిలబడింది. లోపల తీగ తెగిందని మీటరు చెప్పే తీరు అది. పైకి తీసి చల్లారబెడితే మళ్లీ ఎనిమిది వందల డెబ్బై. వేడికి చచ్చి చల్లారితే బతికే ముక్కను తాను చల్లపొద్దున చూసి మంచిదన్నాడు. దాన్ని జేబులో వేసుకుని, ఎనిమిది రోజులు నోరు మెదపలేదు.

ఆ ఎనిమిది రోజులూ కళావతి ఎవరు బయటికి కదిలినా లోపలికి తప్పుకుని తలుపు చాటున నిలబడేది. ఒక పొద్దున ఆమె కూతురు డిగ్రీ పరీక్షకు పోతూ హాల్ టికెట్ మరిచి ఆటో ఎక్కేసింది. కళావతి ఆ కాగితం పట్టుకుని, రెండో చేత్తో నోరు గట్టిగా మూసుకుని ఆటో వెనక పరుగెత్తింది. ఒక్క కేక వేస్తే ఆటో ఆగేది. వేయలేదు. ఆటో మలుపు తిరిగిపోయింది. ప్రేమ్‌సింగ్ ఆ టికెట్ లాక్కుని బైక్ మీద పోయి పిల్లకు అందించి వచ్చాడు. వచ్చాక ఇక ఉండబట్టలేక పొయ్యి మీద నీళ్లు పెట్టాడు.

"వదినె, ఇటు రా. ఒకటి చూపిస్త."

ముంచి చూపించాడు, తీసి చూపించాడు. తర్వాత తల వంచుకుని రెండో మాట కూడా చెప్పాడు. "అన్న పోకముందే మరిపెడ తొవ్వల ఒకపారి గిట్లనే ఆగింది. నాకెరికే. ఎవ్వలకు చెప్పలె."

కళావతి ఆ ముక్కను తానే మళ్లీ నీళ్లలో ముంచి చూసింది. "నాకు చెప్పినవ్. గిదే మాట మీ యాడికి, మా అత్తకు చెప్పు, తండోళ్లకు చెప్పు. నా బిడ్డను నేను పిలుసుకుంటలేను, ప్రేమ్‌సింగ్," అంది.

చెబుతానన్నాడు. సాయంత్రం పదిమంది వాకిట్లో చేరారు. ప్రేమ్‌సింగ్ మళ్లీ నీళ్లు మరగబెట్టి ముక్కను ముంచి చూపించాడు. తండా పెద్దమనిషి హీరాలాల్ వంగి మీటరు చూశాడు. "అయితే తప్పు గీ ముక్కదే గదా," అన్నాడు.

సోమ్లి మంచం దిగి వచ్చింది. "ఇనుప ముక్కకేం ఎరుక? ఎన్నడు ఆగని బండి ఆ దినమే ఎందుకాగింది? చెప్పుండ్రి. ఆమె పిలిచిందనే ఆగింది." కొడుకు మణికట్టు పట్టుకుంది. "ఉన్నది నువ్వొక్కనివి. నీ నెత్తిన ఏసుకోకు కొడుకా."

హీరాలాల్ ప్రేమ్‌సింగ్ వైపు తిరిగాడు. "ముందెప్పుడన్న ఆగిందా?" అని అడిగాడు.

జవాబు ఒక్క మాట. కళావతి అతని మొహంలోకే చూస్తోంది. ప్రేమ్‌సింగ్ నోరు తెరిచాడు. తల్లి పట్టు బిగిసింది.

"లేదు," అన్నాడు.

కళావతి పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది.