పలుపు తాడంత దూరం

మా ఆవిడ పోయింది. వేసవి చివర, రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, గుండె జబ్బుతో. గోదావరి మధ్యన మా లంకలో అందరికీ తెలుసు. ఏటిగట్టు అవతలి వాళ్ళకి ఇంకా తెలియదు. వరద తీశాక, మిగిలిన అరటి గెలలు రావులపాలెం మార్కెట్లో దింపుతుంటే అక్కడి హమాలీ "అమ్మగారు కనపడటం లేదేంటండీ" అని అడిగాడు. చెప్పాను. అతను భుజం మీది గెల కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇలా ఒక్కొక్కరికీ చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడది రామచంద్రపురం పక్క ఊరు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ఇంట్లో పుట్టింది. ఎక్కడ నిలబడినా ముందు కొంగు చివర వదిలి, గాలి ఎటు పోతోందో చూసుకోవడం అలవాటు. పెళ్ళయి లంకకి వచ్చిన కొత్తలో, గాలి చూసుకోకుండా పొయ్యి కూడా వెలిగించవా అమ్మాయ్ అని మా అమ్మ ఆటపట్టించేది. నిజంగానే వెలిగించేది కాదు.

మనుషులతో కంటే పశువులతో ఎక్కువ మాట్లాడేది. ఒక ఏడు లంకలో గాలికుంటు వ్యాధి వచ్చి పశువులన్నిటికీ నోళ్ళూ గిట్టలూ పుళ్ళు పడ్డాయి. మా పాకలో మాత్రం ఒక్క ఆవుతో ఆగిపోయింది. ఆవిడ దాన్ని గాలి పోయే వైపు, అన్నిటికీ చివర కట్టేసింది. దాని తొట్టి వేరు, తాడు వేరు. బాగున్న వాటికి మేత వేశాకే దాని దగ్గరికి వెళ్ళేది. వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని నేరుగా ఇంట్లోకి. ఎవరైనా మెచ్చుకుంటే, గొడ్ల పని ఎక్కడైనా ఇంతే కదా అనేది.

కరోనా ఏడాది శ్రావణంలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఇచ్చారని విన్న మర్నాటికి మా ఇళ్ళలో నీళ్ళు. పశువులతో సహా పడవల మీద గట్టుకి చేరాం. అక్కడి బడిలో శిబిరం తెరిచారు. ఒక్కో గదిలో పట్టినంత మంది. ఆవిడ గుమ్మంలో నిలబడి లోపలికి చూసి వెనక్కి తిరిగింది.

"గోడల మధ్య గాలి ఎక్కడికీ పోదండీ. గట్టు మీద పడుకుందాం" అంది.

మా వీధి వాళ్ళు కొందరు ఆవిడ వెంట వచ్చారు. ఆవుని కట్టే పలుపు తాడు విప్పి తెచ్చి, గట్టు పొడుగునా దానితో కొలిచింది. ఒక కుటుంబానికీ ఇంకో కుటుంబానికీ మధ్య పలుపంత దూరం వదిలి చాపలు వెయ్యమంది. గాలి వచ్చే వైపు, అందరికంటే ముందు, మా అమ్మని పడుకోబెట్టింది. మా అమ్మకి ఎప్పట్నుంచో ఆయాసం.

"మమ్మల్ని కూడా పాకలో కట్టేస్తున్నావేంటి వదినా" అన్నాడు పక్కింటి అతను.

"కుడితి కూడా పోస్తాలే, పడుకో" అంది.

అందరూ నవ్వి చాపలు జరుపుకున్నారు. వాన పడితే బరకాలు నాలుగు వైపులా దించుకుని లోపల ముడుచుకోవడం మా వాళ్ళ పద్ధతి. ఆవిడ ఒక వైపు ఎత్తి కట్టించేది. తడిస్తే ఆరతాం అనేది. పడవలో పులిహోర పొట్లాలు వస్తే ఎగబడనిచ్చేది కాదు. గట్టు మీద పెట్టించి, ఇంటికొకరు వెళ్ళి తెచ్చుకోమనేది. చెంబులు ఎవరివి వాళ్ళకే.

తర్వాత నాకు జ్వరం వచ్చింది.

వైద్య శిబిరంలో పరీక్ష చేసి కరోనా అన్నారు. ఆసుపత్రిలో మంచాలు లేవు, ఊపిరి కష్టమైతే కబురు చెయ్యండి, అందాకా ఒక గదిలో విడిగా ఉండండి అన్నారు. మా గది అప్పటికి గోదావరిలో ఉంది.

ఈ జబ్బు మా అమ్మకి అంటితే ఆమె మిగలదని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. మా ఆవిడ కొంగు వదిలి చూసింది. నా చాప తీసుకెళ్ళి గాలి పోయే వైపు, ఆఖరి కుటుంబానికి కూడా అవతల వేసింది. తన చాప నాకూ వాళ్ళకీ మధ్య వేసుకుంది. మా అమ్మ పని పక్కింటి వాళ్ళకి అప్పగించి, తను కూడా ఆమెని దూరం నుంచే పలకరించడం మొదలుపెట్టింది. మమ్మల్ని గట్టు దిగి పొమ్మంటారేమో అనుకున్నాను. ఎవరూ అనలేదు. అంతకంటే కష్టం వచ్చి పడింది. పలకరించడానికి వచ్చారు.

మా వైపు జబ్బు మనిషిని పలకరించకపోతే తప్పు. పక్కన కూచోవాలి, నుదురు తాకాలి, ఏం తిన్నావని అడగాలి. రాని వాళ్ళని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. కరోనా అయినా, గోదావరి పొంగుతున్నా, మర్యాద మర్యాదే. మా అక్క పై ఊరి నుంచి గట్టు వెంట నడిచి వచ్చింది. చేతిలో చారు కారియర్. మా ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది.

"అక్కడే ఉండండి వదినగారూ. అక్కణ్ణుంచే పలకరించండి."

"నా తమ్ముణ్ణి చూడ్డానికి నీ పర్మిషన్ కావాలా అమ్మాయ్?"

"ఇక్కడ కూచుని, తర్వాత అత్తయ్యగారి దగ్గర కూచుంటారు. ఆవిడ మీ అమ్మగారే కదండీ."

అక్క కారియర్ కింద పెట్టింది. నిలబడిన చోటు నుంచే తమ్ముడూ అని కేకేసింది. నేను చెయ్యెత్తాను. తిరిగి వెళ్ళేటప్పుడు మా అమ్మని కూడా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. అది తల్చుకుని మా ఆవిడ బాధపడేది. కానీ "పలకరింపుకి గొంతు చాలు, కాళ్ళు అక్కర్లేదు" అన్న మాట మాత్రం మార్చుకోలేదు.

నా దగ్గరికి తనొక్కతే వచ్చేది. మాస్కు పెట్టుకుని, గాలిని వీపు వైపు ఉంచుకుని, గంజి గ్లాసు కింద పెట్టి వెనక్కి నడిచేది. తర్వాత చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినపడేది.

జ్వరం ముదిరాక నాకు గొంతు పోయింది. వాన చప్పుడులో, నది చప్పుడులో, నేను ఊపిరి తీస్తున్నానో లేదో తనకి తెలిసేది కాదు. అప్పుడు పలుపు తెచ్చింది. ఒక కొస నా మణికట్టుకి కట్టుకోమంది. రెండో కొస తను కట్టుకుంది.

"నేను లాగుతాను. మీరు తిరిగి లాగండి. అంతే" అంది.

అంతే మాట్లాడుకున్నాం ఆ రోజుల్లో. ఆవిడ లాగేది. నేను లాగేవాణ్ణి. ఒక తెల్లవారుజామున నేను లాగలేదు. జ్వరం దిగి, ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నా మీదికి వంగి ఉంది. మాస్కు లేదు. నేను చూడగానే గబగబా వెనక్కి నడిచి, తాడు బిగిసే దాకా వెళ్ళి, అక్కడ కూలబడింది.

"లాగితే లాగమన్నాను కదండీ" అంది. ఆ ముఖం ఇప్పటికీ నాకు ముందు గుర్తొస్తుంది. పెళ్ళినాటి ముఖం ఆ తర్వాతే.

మా అమ్మకి జ్వరం రాలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఉండి, తన మంచం మీద, కాలం తీరి పోయింది. అప్పుడు కూడా అక్క వీధిలోంచే చూసి వెళ్ళింది, గడప దాటలేదు. మా ఆవిడకీ ఏమీ కాలేదు.

మొన్న వేసవిలో ఐసీయూ తలుపు దగ్గర నన్ను ఆపేశారు. లోపల వాళ్ళకి ఇన్ఫెక్షన్ సోకుతుందని బయటే ఉండమన్నారు. సరైన పనే. ఆవిడైనా అదే చేసేది. తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి మంచం చివర, దుప్పటి కింద పాదాలు కనపడేవి. అంతా అయ్యాక నర్సమ్మ బయటికి వచ్చింది. మేడమ్ గారు ఆఖర్న కుడి మణికట్టు పదేపదే కదిపారండీ, సూది దగ్గర నొప్పేమో అని సర్దాం అని చెప్పింది. నేను తల ఊపాను. సూది నొప్పి కాదని చెప్పలేదు.

ఆ సాయంత్రం మా అక్క వచ్చింది. మా ఆవిడని ఇంటి ముందు పడుకోబెట్టాం. అక్క నేరుగా వచ్చి, ఇంకా కాస్త దూరం ఉందనగా ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు.

"ఇప్పుడు రావచ్చా అమ్మాయ్?" అంది.

ఎవరూ అడ్డు రాలేదు. అయినా కాసేపు అక్కడే నిలబడింది.

దండెం మీద ఆవిడ చీర ఒకటి ఇంకా తియ్యలేదు. పొయ్యి వెలిగించే ముందు దాని వైపు చూస్తాను. గాలి ఎటో అది చెబుతుంది.

ఈ ఏడు కూడా వరద వచ్చింది. మళ్ళీ గట్టెక్కాం. ఇప్పుడు అంటుజబ్బేమీ లేదు. అయినా ఎవరూ చెప్పకుండానే చాపకీ చాపకీ మధ్య పలుపంత దూరం వదిలారు. బరకాలు ఒక వైపు ఎత్తి కట్టారు. పక్కింటి అతను నా పక్కన చాప వెయ్యబోయి, నా వైపు చూసి, ఆ చోటు వదిలేసి అవతలికి జరిగాడు.

ఆవుని ఆవిడ ఉండగానే అమ్మేశాం. పలుపు మాత్రం గోడ మేకుకి ఉండిపోయింది. ఇల్లు వదిలేటప్పుడు అది తెచ్చుకున్నాను. పడుకునే ముందు ఒక కొస మణికట్టుకి కట్టుకుని, రెండో కొస ఆ ఖాళీ చోట్లో వదిలాను.

తెల్లారేసరికి తుంపర ఆగింది. తాడు తడిసి, బరువెక్కి, గట్టు మీద తిన్నగా పడి ఉంది. అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టే ఉంది. ఒకసారి లాగాను.

తాడంతా నా దగ్గరికి వచ్చేసింది.