నా రెప్పల మీద కాపలా

నవ్వితే నా కళ్ళు కనిపించవు. పెళ్ళిచూపుల నాడు మా ఆవిడ తరపు పెద్దాయనొకడు "కుర్రోడు కూకునే నిద్దరోతన్నాడేటి?" అని అడిగాడు. ఆ మాటకి నాకు మరింత నవ్వొచ్చింది, ఆయన అనుమానం మరింత బలపడింది. చిన్నప్పుడే బడి మానేయడానికి కూడా ఈ కళ్ళే కారణమని చెప్పుకుంటుంటాను. అసలు కారణం లెక్కలు.

ఇలాంటి ముఖం ముందు నిద్రని కనిపెట్టే మిషను పెడితే ఏమవుతుంది? అదే అయింది.

శ్రీకాకుళం దగ్గర ఒక సముద్రపొడ్డు ఊరి నుంచి శృంగవరపుకోట బజారుకి నేను చేపల వ్యాను తోలేవాణ్ణి. వ్యాన్లు పెద్ద సావుకారివి. వాటి మీద పెత్తనం ఆయన బావమరిదిది. అతన్ని చిన్న సావుకారు అనేవాళ్ళం. అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేసిన రోజులవి. ఆ ఏడు వానల్లో మా రెండో వ్యాను డ్రైవరు కునుకు తీసి బండిని హైవే పక్క వరిచేలోకి దించాడు. మనిషి బతికాడు గాని, పెద్ద సావుకారికి బెంగ పట్టుకుంది. చిన్న సావుకారు విశాఖపట్నం వెళ్ళి అరచేతంత కెమెరాలు తెచ్చి స్టీరింగుల ముందు బిగించాడు. ఆ మిషను మన రెప్పల్ని చూస్తూ ఉంటుంది. రెప్పలు వాలినా, ఆవలింతలు ఎక్కువైనా, ఈ మనిషి అలిసిపోయాడని తేల్చుకుని కీచుమంటుంది. కీచుమన్నప్పుడల్లా ఫొటో తీసి సావుకార్లిద్దరి ఫోన్లకీ పంపుతుంది.

మంచి మిషనే. దాని మీద నాకు కోపం లేదు. నా కోపమంతా దాన్ని తెచ్చిన మనిషి మీద.

నా పక్క సీట్లో రోజూ ఒక ముసలావిడ కూర్చునేది. చేపల బుట్టతో కోట బజారుకి వచ్చేది, నాకు వరసకి అత్త. ఆవిడది అడ్డపొగ. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా ఒడ్డున ఆ వయసు ఆడవాళ్ళకి అదేం వింత కాదు. నిప్పు లోపలుంటే గాలికి ఆరదు, తడి చేతులకి అంటదు. పొగ మాత్రం పక్కవాడి కళ్ళకి. ఇన్నేళ్ళూ ఆ పొగలో కళ్ళు చికిలించుకునే బండి తోలాను, ఆవిడ వేళాకోళాలకి నవ్వుకుంటూ. ఇప్పుడు ఆవిడ చుట్ట ముట్టిస్తే మిషను కీచుమనేది. నేను నవ్వినా కీచుమనేది.

"పొగండీ బాబూ, నిద్దర కాదు" అన్నాను చిన్న సావుకారితో.

"మిసను అబద్దమాడదురా. పొగ అనేసి సాకులు సెప్పకు" అన్నాడు.

అక్కడితో ఆగితే మరిచిపోయేవాణ్ణి. ఎచ్చెర్ల టీ బడ్డీ దగ్గర డ్రైవర్లందరి ముందూ ఫోను తీసి నా ఫొటోలు చూపించాడు. నోరు తెరిచి, కళ్ళు మూసి, శవానికి చక్కిలిగిలి పెట్టినట్టున్నాను. "సూసినారా మన నిద్దరబాబుని!" అన్నాడు. ఆ పేరు నా కంటే ముందే మా వీధికి చేరింది. ఆ వారమే నన్ను స్టీరింగు మీంచి దించి ఐసు కొట్టి బుట్టల్లో వేసే పనికి పెట్టాడు. కొత్త డ్రైవరు దొరికేదాకా బండి తనే తోలుతానన్నాడు. అందరినీ నవ్వించి బతికేవాణ్ణి, నా మీద నవ్వుతుంటే ఐసు కొట్టాను. కొట్టిన ప్రతి దిమ్మా నాకు అతని బుర్రలాగే కనిపించింది.

పని అడుక్కోదలచుకోలేదు. వాన కోసం చూశాను.

ఒక పొద్దున్న ముసురు పట్టింది. ముందే ఆమదాలవలసలో కొని దాచిన ఘాటైన చుట్టల కట్ట ఒకటి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాను.

"ఏట్రా, సచ్చేవోళ్ళకి పెట్టినట్టు పెడతన్నావు?"

"కాల్సు అత్తా, సలిగా ఉన్నాది."

స్టీరింగు ముందు చిన్న సావుకారు, ఆవిడ మధ్యలో, బుట్టలు దించడానికి వెళ్ళే నేను కిటికీ పక్కన. వాన కొడుతోందని నా వైపు అద్దం బిగించేశాను, జల్లుకి అతనూ తన వైపుది బిగించక తప్పలేదు. ఊరు దాటకముందే క్యాబిన్ పొగగూడులా అయింది. చిన్న సావుకారి కళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత చిన్నబడ్డాయి, ఆ తర్వాత నా కళ్ళంత అయ్యాయి. మిషను కీచుమంది. ఆగి మళ్ళీ కీచుమంది. అంత తియ్యటి పాట నేను అంతకుముందు వినలేదు.

అతని ఫోను మోగింది. చేతులు స్టీరింగు మీదున్నాయి కనుక నేనే ఎత్తి స్పీకరులో పెట్టాను.

పెద్ద సావుకారు. "ఎవుడ్రా ఆ నిద్దరోతన్నోడు? పొటోలో ఏటీ సరిగ్గా అవుపడట్లేదు. ఆ నిద్దరబాబుగాణ్ణి మళ్ళీ ఎక్కించినారేటి?"

"నాను కాదు బాబూ, నాను ఐసోణ్ణి. తోలతన్నది మీ బావమరిది" అన్నాను.

"పొగ బావా! ముసిల్ది సుట్ట..." అని దగ్గుతూ అరిచాడు అతను.

నేను ఫోను దగ్గరికి వంగాను. "మిసను అబద్దమాడదు బాబూ. పొగ అనేసి సాకులు సెప్పకూడదని ఆరే సెప్పినారు."

బావమరిదితో "ఒరే, నువ్వు దిగు. ఆణ్ణి తోలమను" అన్నాడు పెద్ద సావుకారు.

బండి ఆగింది. వానలో అతను అటు నుంచి ఇటు వచ్చాడు, నేను ఇటు నుంచి అటు వెళ్ళాను. కోట చేరేదాకా నా సీట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. పొగకో దేనికో నేనడగలేదు. మర్నాడు పెద్ద సావుకారి ఫోనులోంచి ఆ ఫొటో సంపాదించి, అదే టీ బడ్డీ దగ్గర, అదే డ్రైవర్లకి చూపించాను. టీలు నావే.

ఆ మర్నాడే పెద్ద సావుకారి ఆర్డరు వచ్చింది. క్యాబిన్లో చుట్ట కాల్చేవాళ్ళు కూర్చోకూడదు. అత్త వెనక బుట్టల మధ్య, టార్పాలిన్ కింద.

నేను అడ్డు చెప్పలేదు. నా సీటు నాకు వచ్చింది, నా గెలుపు మత్తులో నేనున్నాను. కోట బజారులో ఆవిడ వెనక నుంచి దిగింది. చీరంతా ఐసు నీళ్ళు, పొలుసులు. నేను నవ్వు ముఖం పెట్టుకుని వెళ్ళాను.

"ఏటత్తా, మన దెబ్బ ఎలాగున్నాది? సిన్న సావుకారు అబ్బా అన్నాడు కదా!"

ఆవిడ బుట్ట నెత్తికి ఎత్తుకుని నా ముఖంలోకి చూసింది.

"మెలకువగుంటే నిద్దరోతన్నావన్నాడని ఆడి మీద పగబట్టినావు. మరి నా సీటు తీసేసిననాడు కళ్ళు తెరుసుకునే ఉన్నావు కదరా, ఏటి సూసినావు?"