ఆరో డబ్బీ

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే నేను లేచి నా పని చూసుకునే రకం. పంతొమ్మిదేళ్లుగా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో టీబీ పని చేస్తున్నాను. దగ్గేవాళ్ల ఇళ్లకు వెళ్లి తెమడ డబ్బీలు ఇవ్వాలి. మర్నాడు పొద్దున వాటిని తెచ్చి ల్యాబులో అప్పజెప్పాలి. జబ్బు తేలినవాళ్లు గోలీలు మింగుతున్నారో లేదో చూడాలి. మనిషి పోయిన మూడో రోజుకే ఆ ఇంటికి వెళ్లి, పోయిన మనిషి పడుకున్న గదిలోనే కూర్చుని, మిగిలినవాళ్ల పేర్లు రాసుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. దయ్యాలంటూ ఉంటే అందరికంటే ముందు నాకే కనబడాలి. ఇన్నేళ్లలో నాకు కనబడింది మోకాళ్ల నొప్పి ఒక్కటే.

ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. మీరేమనుకుంటారో మీ ఇష్టం.

ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. మోర్తాడ్ వైపు, ఇంటింటా బీడీలు చేసే ఊరు. అక్కడ గంగమణి అనే ఆమె ఇంటి ముందు గదిలో ఆరుగురు ఆడవాళ్లు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాను వేయరు, కిటికీ తెరవరు. గాలి తగిలితే తంబాకు లేచిపోతుంది, తునికాకు ఎండి విరుగుతుంది. ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ నాకు తల తిరిగేది.

కిటికీ పక్క మూలలో కూర్చునేది రాజవ్వ. పక్కింటావిడే. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. గంగమణి కొడుకు నరేశ్‌ను చిన్నప్పుడు పక్కన పడుకోబెట్టుకుని బీడీలు చుట్టింది తానేనని నాకు పదిసార్లు చెప్పి ఉంటుంది. ఆమెకు టీబీ తేలినప్పుడు గంగమణి ఏం చేసిందో తెలుసా? గ్లాసు వేరు పెట్టింది, పళ్లెం వేరు పెట్టింది. కిటికీ మాత్రం తెరవలేదు. ఈ జబ్బు పళ్లెంతో రాదమ్మా, దగ్గితే గాల్లోకి వస్తుంది, మూసిన గదిలో ఆ గాలే అందరూ పీలుస్తారు, కిటికీ తెరవండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"గాలొస్తే బీడీలెట్ల చేసుడు సిస్టర్? కార్ఖానోళ్లు చిల్లుల ఆకు తీస్కుంటరా?" అంది గంగమణి. నేను రిజిస్టర్ మూసి లేచాను.

రాజవ్వ మొదటిసారి ఇచ్చిన డబ్బీ మూత సరిగ్గా బిగించక పెట్టెలో కారిపోయింది. మర్నాడు వెళ్లి ఆమెను గట్టిగా తిట్టి, కారకుండా బిగించి పొద్దున ఏడింటికల్లా ఇవ్వాలని చెప్పాను. ఆ తర్వాత ఆమె ఇచ్చిన ప్రతి డబ్బీ బీడీలు కట్టే దారంతో చుట్టి ఉండేది. మూత మీదుగా రెండు చుట్లు నిలువు, రెండు చుట్లు అడ్డం, అడుగున ముడి. విప్పడం ఎవరి తరమూ కాదు, కత్తెర వేయాల్సిందే. "ఇగ కారది బిడ్డా, గుంజి చూడు" అని నవ్వేది.

ఇప్పుడు నా తప్పు సంగతి. టీబీకి ఆరు నెలలు గోలీలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బాగైపోయామని చాలామంది మానేస్తారు. మానేస్తే లోపల మిగిలిన జబ్బు మొండిదవుతుంది, ఆ తర్వాత అవే గోలీలకు లొంగదు. అందుకే ఇంటికి వెళ్లి గోలీల ఖాళీ రేకులు చూసి, మింగించి రావాలి. ఆ ఎండాకాలం నా మోకాళ్లు వాచి ఉన్నాయి. బస్సు దిగి ఆ ఊళ్లోకి నడవడం నా వల్ల కాలేదు. ఫోన్ చేసి అడిగాను.

"మింగుతున్న బిడ్డా. నువ్వు ఎండల రాకు, ఫికర్ చెయ్యకు."

రికార్డులో మింగినట్టు టిక్కు పెట్టాను. తర్వాతి నెలా ఫోన్, తర్వాతి నెలా టిక్కు. ఆరు నెలలకు కోర్సు పూర్తి అని రాసేశాను. ఆమె మూడో నెలలోనే మానేసింది.

మళ్లీ దగ్గు మొదలైతే నాకు చెప్పలేదు. అబద్ధమాడినందుకు తిడతానని భయపడిందట. నాకు తెలిసేసరికి మనిషి మంచానికి అంటుకుపోయింది. అప్పుడు కూడా డబ్బీకి దారం చుట్టే ఇచ్చింది. టీబీకి అన్నిటికంటే ముఖ్యమైన మందు, మేము పెద్ద గోలీ అంటాం, అది ఇక పనిచేయదని ల్యాబులో తెమడ పరీక్షించే మిషన్ చెప్పింది. వేరే మందులు మొదలుపెట్టేలోపే పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. రికార్డులో నా టిక్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి!

ఆ గదిలో కూర్చునేవాళ్లందరికీ అప్పుడే పరీక్ష చేశాను, ఎవరికీ లేదు. నరేశ్ మాత్రం అప్పటికే తిరిగి గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. రాజవ్వ మళ్లీ దగ్గుతున్న రోజుల్లోనే సెలవు మీద వచ్చి, రెండు నెలలు ఆ గదిలోనే మంచం వేసుకుని, ఆమెతో పరాచికాలాడుతూ గడిపి వెళ్లాడట. అతని పేరు పక్కన 'గల్ఫ్‌లో ఉన్నాడు' అని రాసి పేజీ తిప్పాను.

రెండేళ్లు గడిచాయి. పోయిన పసుపు సీజన్లో ఆ ఊరికి మళ్లీ సర్వే పడింది. పసుపు సీజన్లో మా పని నరకం. పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ముల దుమ్ముకు ఊరంతా దగ్గుతుంది, అందులో ఏ దగ్గు ఏదో తేల్చుకోవాలి. గంగమణి గదిలో ఇప్పుడు అయిదుగురే. కిటికీ మూసే ఉంది. మూలలో రాజవ్వ చోటు ఖాళీగా వదిలేశారు.

నరేశ్ కంట్రాక్టు అయిపోయి ఇంటికి వచ్చాడని విన్నాను. ఏడని అడిగాను.

"హైదరాబాద్ పోయిండు సిస్టర్. సోమవారం మెడికల్ ఉన్నది, కొత్త వీసా వచ్చింది" అంది గంగమణి, చాటలోంచి తల ఎత్తకుండానే.

నేను ఆఫీసు నుంచి పది డబ్బీలు తీసుకెళ్లాను. అయిదుగురికి అయిదు ఇచ్చాను. మర్నాడు ఏడు గంటలకు వెళితే అయిదూ అరుగు మీద వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి, పేరు చీటీ చూసి, రిజిస్టర్లో రాసి, పెట్టెలో సర్ది, గొళ్లెం పెట్టాను. అయిదు. షేర్ ఆటోలో ఆర్మూర్ దాకా పెట్టె నా ఒళ్లోనే ఉంది. ఇంకో ఊరికి వెళ్లలేదు, దారిలో దిగలేదు. మిగిలిన అయిదు ఖాళీ డబ్బీలు నా సంచిలోనే ఉన్నాయి, తర్వాత లెక్క చూసుకున్నాను.

ల్యాబులో టెక్నీషియన్ శ్రీకాంత్ పెట్టె తెరిచాడు.

"మేడం, అయిదు రాసిన్రు. ఆరున్నయి గద."

నేను కసురుకున్నాను, సరిగ్గా చూడవయ్యా అని. అతను తీసి బల్ల మీద పెట్టాడు. అయిదింటికి నీలం మూతలు. ఆరోదానికి ఎర్ర మూత. రాజవ్వ ఉన్నప్పటి ఆ ఎర్ర మూతల సరుకు మాకు రావడం మానేసి ఏడాది దాటింది. చీటీ లేదు. మూత మీదుగా బీడీ దారం, రెండు చుట్లు నిలువు, రెండు చుట్లు అడ్డం, అడుగున ముడి.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. లోపల ఉన్నది ఎండిపోయిన పాతది కాదు, ఆ పొద్దుటిదే. అంతకుముందు సాయంత్రమే పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెట్టాను కూడా.

"పేరు లేకుంటే పారెయ్యాలె మేడం. రూల్ గదే" అన్నాడు శ్రీకాంత్.

పారెయ్యమంటే అయిపోయేది. పంతొమ్మిదేళ్లలో అలసిపోయి చాలా వదిలేశాను, ఇదీ వదిలేయొచ్చు. కానీ చీటీ తీసుకుని రాజవ్వ అని రాసి అంటించాను. ఆ దారం చూశాక నా చేతికి వేరే పేరు రాలేదు. అతను కత్తెరతో దారం కోసి చెత్తలో వేశాడు. ఆ చెత్త ఆ సాయంత్రమే కాల్చేశారు.

రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాను. శ్రీకాంత్ కాగితం పట్టుకుని వచ్చాడు. "అయిదింట్ల ఏం లేదు మేడం. ఆరోదాంట్ల ఉన్నది. పెద్ద గోలీ గూడ పనిచెయ్యదట. గీమె ఎక్కడుంటది? జల్ది పట్టుకోవాలె."

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అదే ఆటోలో మళ్లీ వెనక్కి వెళ్లాను. భయంకంటే కోపం ఎక్కువగా ఉంది నాకు, ఎవరో నాతో ఆటలాడుతున్నారని. గంగమణిని బయటికి పిలిచి ఆరో డబ్బీ ఎవరు పెట్టారో చెప్పమన్నాను.

"అయిదుగురం అయిదు ఇచ్చినం. ఆరోదాని ముచ్చట మాకేం ఎరుక?" అని ఆమె నా మీదికే లేచింది. ఎర్ర మూత అన్నాను. దారం చుట్టి ఉందన్నాను, ముడి అడుగున ఉందన్నాను.

గంగమణి గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"నా కొడుకు హైదరాబాద్ పోలే సిస్టర్. నువ్వొస్తున్నవని తెలిసి, మూడొద్దుల కిందనే నందిపేట్‌ల బిడ్డ ఇంటికి తోలిన. నువ్వు పేరు రాస్తే అది ఆన్‌లైన్ల ఎక్కుతది, మెడికల్‌ల అన్‌ఫిట్ కొడ్తరు అని... వానికి దగ్గితే నెత్తురు వడుతుంది సిస్టర్. పసుపు దుమ్ముకే అనుకున్న."

గల్ఫ్ ఇళ్లలో ఈ తప్పు నేను కొత్తగా చూడలేదు. మెడికల్ ముగిసేదాకా దగ్గును దాస్తారు, సిరప్పు తాగిస్తారు, మా కంటబడకుండా మనిషిని ఇంకో ఇంటికి పంపుతారు. ఆ ఇంట్లో నరేశ్ చెల్లెలికి నాలుగు నెలల పాప ఉంది. తలుపులేసిన చిన్న గదిలో మేనమామ ఆ పాపను ఎత్తుకుని తిరుగుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే నందిపేట్ వెళ్లాను. మనిషి కట్టెలా ఉన్నాడు. నీ డబ్బీ ఎవరి చేత పంపావని అడిగితే తెల్లబోయి చూశాడు.

"నేనెవ్వరికీ ఇయ్యలేదు మేడం. ఇచ్చేదుంటే ఈడిదాంక వచ్చి దాసుకుంటనా?"

నా ఎదుటే డబ్బీలోకి ఉమ్మించి తెచ్చాను. మిషన్ మళ్లీ అదే మాట చెప్పింది. టీబీ ఉంది, పెద్ద గోలీ పనిచేయదు. ఇంతకుముందెన్నడూ టీబీ గోలీ మింగని పిల్లవాడికి మొండి జబ్బు వేరే మొండి రోగి దగ్గర్నుంచే రావాలి. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ రోగి జబ్బు ఎవరి టిక్కుల వల్ల మొండిదైందో కూడా తెలుసు.

నరేశ్ మెడికల్‌కు వెళ్లలేదు, వీసా పోయింది. కొత్త మందులు నెలల తరబడి మింగాడు. ప్రతి వారం వెళ్లి నా కళ్ల ముందు మింగించాను, మోకాళ్లు ఎలా ఉన్నా సరే. పాపకు పరీక్షలు చేయించి, జబ్బు అంటలేదని తేలాక డాక్టరు చెప్పిన జాగ్రత్త మందు ఇప్పించాం. పాప బాగుంది. నరేశ్‌ తెమడలో ఇప్పుడు జబ్బు లేదు. ఇంకో నెల ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నారు.

ఆ డబ్బీ సంగతి నేను వదల్లేదు. నరేశ్ ఆ మూడు రోజులూ నందిపేట్ దాటలేదని చెల్లెలు, ఆమె అత్త ఇద్దరూ చెప్పారు. గంగమణి కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది, తాను పెట్టలేదని. మిగిలిన నలుగురికి ఆ ముడి వేయడమే రాదు, నా ముందు ప్రయత్నించి చూపించారు కూడా. శ్రీకాంత్ వేరే జిల్లాకు బదిలీ అయ్యాడు. ఫోన్ చేస్తే, "నాకు మంచిగ యాదికున్నది మేడం, దారం నేనే కోసిన" అంటాడు. చచ్చిపోయిన మనిషికి పరీక్ష ఎలా చేశారని ఆఫీసులో సంజాయిషీ అడిగారు. పొరపాటున పేరు తప్పు రాశానని రాసిచ్చాను. ఇంకేం రాయను?

ఇప్పుడు గంగమణి మధ్యాహ్నం అన్నాల వేళ కిటికీ తెరిచిపెడుతుంది. ఆ కాసేపు తంబాకు మీద తడి గుడ్డ కప్పుతారు. అంతవరకే, అంతకంటే ఎక్కువ నేనూ అడగలేదు.

దయ్యమంటే పగబట్టి వస్తుందని అంటారు కదా. రాజవ్వకు నా మీద పగ ఉంటే న్యాయమే. ఎండలో రావద్దన్నది ఆమె, వెళ్లకుండా ఉన్నది నేను. ఆ డబ్బీ ఎవరిదో, పెట్టెలోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమెదే అయితే మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. కారకుండా దారం చుట్టి, పొద్దున ఏడింటికల్లా డబ్బీ ఇచ్చింది. నేను నేర్పినట్టే.