ఆదర్శ కుటుంబం పెట్టని భోజనం

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను మా బ్యాంకు చోడవరం బ్రాంచికి ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. అప్పు ఇచ్చే ముందు ఇంటికో పొలానికో వెళ్లి చూసి రావడం ఫీల్డ్ ఆఫీసరు పని. హోదా మేనేజరుకు కింద, గుమాస్తాలకు పైన. ఏది చెడినా తిట్టడానికి ఇరువైపులవారికీ అందుబాటులో ఉండే మనిషి.

చేరిన కొద్ది రోజులకే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి బ్రాంచీ పది కుటుంబాల చేత ఇంటి బడ్జెట్ రాయించి, ఆరు నెలలు దానికి కట్టుబడేలా చూడాలి. జతచేసిన ఫారంలో 'విహారయాత్రలు', 'క్లబ్బు చందా' అని గడులున్నాయి. రావికమతం వైపు పల్లెల్లో వాటిని ఎలా నింపాలో సర్క్యులర్ చెప్పలేదు. ఖాళీ మాత్రం వదలొద్దని మా మేనేజరు ఆదేశం. ఆ గడులన్నిట్లోనూ సున్నాలు చుట్టి సంతకాలు పెట్టించాను.

రెండో నెలకే తొమ్మిది కుటుంబాలు చేతులెత్తేశాయి. మిగిలింది అప్పలనాయుడు, అతని భార్య సత్యవతి. వాళ్లకు కొద్దిగా చెరకు, ఒక షేర్ ఆటో ఉన్నాయి. చెరకు డబ్బు ఏడాదికోసారి. రోజు గడిచేది ఆటో మీదే. ఆ ఆటో మరమ్మతు కోసమే సత్యవతి కమ్మలు, గొలుసు మా బ్రాంచిలో తాకట్టుకు వచ్చాయి. బంగారం అప్పు గడువులోగా తీర్చకపోతే నగ వేలానికి వెళుతుంది. ఫలానా తేదీ దాటితే వేలమేనని ఆమెకు నోటీసు కూడా పంపాం.

సత్యవతి బడ్జెట్‌కు ఫారంతో పని లేదు. సాయంత్రం ఆటో ఆగగానే డబ్బంతా తీసేసుకునేది. మర్నాడు డీజిలుకు తనే ఇచ్చేది. భర్తకు రోజుకు రెండు టీలు. మూడోది కావాలంటే ఎవరైనా పోయించాలి.

"మేడమ్‌గోరూ, మీ ఫారం నా పరువు తీసేసింది. రోజూ కండక్టరు కలెక్షన్ అప్పజెప్పినట్టు మా ఆడదానికి అప్పజెప్తన్నాను," అని అప్పలనాయుడు నా దగ్గర మొరపెట్టుకున్నాడు. ఆటో స్టాండులో అతని పేరు అప్పటికే 'బడ్జెట్ నాయుడు' అయిపోయింది.

ఆరు నెలలు నిండాయి. ఆదర్శ కుటుంబాన్ని ఇంటికి వెళ్లి సత్కరించడానికి రీజనల్ మేనేజరు వస్తున్నారని కబురందింది. మా మేనేజరు వెంటనే అప్పలనాయుడికి ఫోన్ చేశారు. వచ్చేది పెద్దవాళ్లు కాబట్టి భోజనం పెడితే బాగుంటుందన్నారు. నాటుకోడి అయితే మరీ బాగుంటుందన్నారు. పెద్దసారుకి మాడుగుల హల్వా ఇష్టమని కూడా గుర్తుచేశారు. ఖర్చెవరిదో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. పోయిన పరువు బ్యాంకువారే తిరిగి ఇస్తుంటే అప్పలనాయుడు కాదంటాడా? ఆ పూటే కోళ్లు బేరమాడి, షామియానాకు మాటిచ్చేశాడు.

సత్కారం రోజు బ్రాంచి తెరిచేసరికి సత్యవతి మెట్ల మీద ఉంది. అప్పు తీర్చడానికి దాచిన డబ్బంతా కొంగున కట్టుకొని వచ్చింది. వెనకాలే అప్పలనాయుడు.

"ఒసే, నలుగురిలో నవ్వులపాలు సెయ్యకే. కోళ్లోడికి మాటిచ్చేసేను."

"మాటే కదా ఇచ్చేవు. డబ్బులివ్వలేదు కదా," అందామె.

మా మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, సత్కారం అయ్యాక తీరిగ్గా కట్టించుకుందామని చెప్పి, ఇప్పుడు ఇంటికి వెళ్లి వంట సంగతి చూడమన్నారు.

"గడువు ఈయాల్టితో అయిపోద్దని మీ నోటీసే సెప్పింది కదండీ. మీ మాట ఇనాలా, మీ కాయితం మాట ఇనాలా?"

తాకట్టు నగలుండే బీరువాకు రెండు తాళాలు. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది నా దగ్గర ఉండేది. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. నేను లేచి, నా తాళంచెవి తీసుకొని బీరువా ముందు నిలబడ్డాను. కౌంటర్ల దగ్గర జనం మా వైపే చూస్తున్నారు. కాసేపటికి ఆయన కూడా వచ్చి తన తాళం తిప్పారు. సత్యవతి డబ్బు కట్టేసి, అక్కడే కమ్మలు పెట్టుకుంది, గొలుసు వేసుకుంది, రసీదు అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం వాళ్లింటి ముందు బ్యానరుంది, షామియానా లేదు. సత్యవతికి శాలువా కప్పాక రీజనల్ మేనేజరు ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, "బడ్జెట్ వల్ల ఏం నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు.

"మీకు అన్నం పెట్టకుండా ఊరుకోడం నేర్సుకున్నాను బాబూ. మజ్జిగ తాగండి."

పెద్దసారు మా మేనేజరును చూశారు, ఆయన నన్ను చూశారు. ఫోటోగ్రాఫరు ఎదురుగా ఉండడంతో అందరం నవ్వాం.

అక్కణ్నుంచి కార్లు తిన్నగా చోడవరంలో ఒక హోటలుకు వెళ్లాయి. నాటుకోడి అక్కడ దొరికింది. ఆ బిల్లును 'ఆర్థిక అవగాహన సదస్సు ఖర్చులు' కింద రాయించారు. బ్యాంకు పత్రికలో సత్యవతి ఫోటో వేసి, ఆ కుటుంబం అతిథులను ఆప్యాయంగా ఆదరించిందని రాశారు. అప్పలనాయుడితో షామియానావాడు కొన్నాళ్లు మాట్లాడలేదు.

తర్వాత మరో బ్రాంచిలోనూ ఇలాంటి ఫారాలే నింపించాను. అయితే వాటిని తీసే ముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని: ఈ ఇంట్లో 'లేదు, కుదరదు' అని చెప్పే మనిషి ఎవరు? అలాంటి మనిషి లేని ఇంట్లో బడ్జెట్ రాయించడం కాగితం దండగ. మా బ్యాంకులో అలాంటివారు ఎవరని మాత్రం పైవాళ్లను నేనెప్పుడూ అడగలేదు. జవాబుగా మరో సర్క్యులర్ వస్తుందని తెలుసు.